సవరణ: ఆల్టో 800 ఎత్తు లెక్క

మా ఆల్టో 800కి స్పేసర్లు (స్ప్రింగుల దగ్గర పెట్టి బాడీని పైకి లేపే దిమ్మలు), పెద్ద టైర్లు వేయించిన సంగతి ఇదివరకు రాస్తూ, టైరు వ్యాసం 41 మి.మీ. పెరిగింది కాబట్టి గ్రౌండ్ క్లియరెన్స్ (బండి అడుగుకీ నేలకీ మధ్య ఎత్తు) కూడా అంతే పెరిగిందన్నాను. అది తప్పు, లెక్క చూసుకోకుండా రాసేశాను. ఇరుసు ఉండేది చక్రం మధ్యలో కదా, పెరిగేది సగమే. టైరు మీద అచ్చేసిన కొలతలే చెబుతాయి: కంపెనీ ఇచ్చిన 145/80 ఆర్12 సైజు టైరు వ్యాసం 537 మి.మీ., నేను వేయించిన 155/80 ఆర్13ది 578. అంటే దక్కింది 20 మి.మీ. చిల్లర. స్పేసర్లు బాడీని లేపుతాయి గానీ వెనక ఇరుసును అంగుళం కూడా లేపవని టైర్ల షాపు మెకానిక్ కింద పడుకోబెట్టి మరీ చూపించాడు.

స్పీడోమీటరు ఎక్కువ చూపిస్తుందన్నదీ తిరగేసి రాశాను. తక్కువే చూపిస్తుంది. ఇదివరకు 60లో వెళ్తుంటే ముల్లు ఎక్కడుండేదో, ఇప్పుడు అక్కడే ఉన్నా బండి 64 దాటిపోతోంది.