మెల్లగా పరిగెత్తితే ఎవరి సొమ్మేం పోయింది?

మొన్న ఆఫీసులో క్యారేజీలు విప్పుకుంటుంటే మా సెక్షన్‌లో కొత్తగా చేరిన పిల్ల, శ్రీకాకుళం వైపు అమ్మాయి, ఇరవై ఆరేళ్ళుంటాయేమో, "అక్కా, నేను కూడా రన్నింగ్ మొదలెట్టి మానేశాను" అంది. ఎన్ని రోజులు చేశావే అంటే నాలుగు. మరి మానేయడం దేనికి అంటే, "నా ఒంటికి రన్నింగ్ పడదక్కా. రెండు నిమిషాలకే ప్రాణం గొంతులోకొచ్చేస్తంది."

పడదట! పాలు పడవంటే అర్థముంది, వంకాయ పడదంటే అర్థముంది. పరుగు పడకపోవడమేంటి? ఒళ్ళు మండింది నాకు. ఆ పిల్ల మీద కాదు లెండి, మూడేళ్ళ కింద అచ్చం ఇదే మాట నేనూ అన్నాను. మనచేత ఆ మాట అనిపించేవాళ్ళ మీద మంట. అందుకే ఇంత పొడుగు పోస్టు. ఓపిక లేనివాళ్ళు ఇక్కడే లైక్ కొట్టి వెళ్ళిపోవచ్చు.

నా మొదటి రోజు ఎలా ఏడిసిందో చెప్తాను. నాకప్పుడు నలభై. షుగర్ బార్డర్‌లో ఉంది, నడవమని డాక్టరుగారంటే ఏడాదిగా బీచ్ రోడ్డులో నడుస్తున్నాను. విశాఖ వాళ్ళకి తెలిసిందే, పొద్దున్న పూట కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ దాకా బళ్ళు రానివ్వరు, రోడ్డంతా మనదే. ఒకరోజు ఏ పురుగు కుట్టిందో, సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర చున్నీ నడుముకి బిగించి పరుగు లంకించుకున్నాను. తొమ్మిదో తరగతిలో ఖోఖో ఆడినప్పుడు ఎలా పరిగెత్తానో అలాగే. మధ్యలో పాతికేళ్ళు, ఇద్దరు పిల్లలు, పద్దెనిమిది కిలోలు వచ్చి చేరిన సంగతి కాళ్ళకి గుర్తులేదు. చేతికర్రతో నడుస్తున్న ఒక పెద్దాయన్ని సర్రున దాటేశాను. నిమిషంన్నర అయిందో లేదో డొక్కలో పోటు, నోట్లో ఇనుము నాకినట్టు రుచి. గట్టు పట్టుకుని వంగిపోయాను. ఆ పెద్దాయన టకటకమని కర్ర ఆడించుకుంటూ వచ్చి, "నీళ్ళు కావాలా తల్లీ?" అని అడిగి, వద్దంటే నన్ను దాటి వెళ్ళిపోయారు. ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను, నా ఒంటికి పడదు అని. నాలుగు నెలలు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మనకి పరుగంటే తెలిసిందల్లా ఒక్కటే. కదిలిపోతున్న సింహాచలం బస్సు వెనకాల పరుగు, కుక్క తరిమితే పరుగు, స్కూల్లో వంద మీటర్ల పరుగు. అన్నీ ప్రాణం మీదకొచ్చిన పరుగులే. పెద్దయ్యాక చూసేదేమో పోలీసు ఉద్యోగాలకి తయారయ్యే కుర్రాళ్ళని. తెల్లారకముందే కాలేజీ గ్రౌండులో 'ఈవెంట్స్' ప్రాక్టీసు. తెలంగాణలో 2022 నోటిఫికేషన్‌కి మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చెయ్యాల్సి ఉండేది. దాటితే ఉద్యోగం పోయినట్టే. వాళ్ళు రొప్పుతూ పరిగెత్తారంటే దానికో లెక్కుంది. నీకూ నాకూ ఏం లెక్క? ఏ ఎస్పీగారు స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డారు?

మెల్లగా పరిగెత్తవే తల్లీ. ఎంత మెల్లగా అంటావా? పక్కనున్న మనిషికి నిన్న నువ్వు పెట్టిన గుమ్మడికాయ పులుసు ఎలా కుదిరిందో, బెల్లం ఎంత వేశావో, ఆడపడుచు ఏ వంక పెట్టిందో పూర్తి వాక్యాల్లో చెప్పగలగాలి. "పులుసు... బెల్లం..." అని ముక్కలు ముక్కలుగా వస్తోందంటే వేగం ఎక్కువైనట్టు. ఇంకా తగ్గించు. తగ్గించినా మాట రాకపోతే నడువు. ఊపిరి కుదుటపడ్డాక మళ్ళీ మొదలెట్టు. మొత్తం విద్య ఇంతే.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. అమెరికాలో జోష్ క్లార్క్ అనే కుర్రాడు 1996లో, సోఫా దిగని వాళ్ళమ్మ లాంటివాళ్ళ కోసం తొమ్మిది వారాల పద్ధతి ఒకటి రాశాడు. 'కౌచ్ టు 5కే' అంటారే, సోఫా మీంచి ఐదు కిలోమీటర్ల పరుగు దాకా, అదే. వారానికి మూడు రోజులే. మొదటి వారం ఏముంటుందనుకున్నారు? ఐదు నిమిషాల నడక, తర్వాత ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడక, మళ్ళీ నిమిషం పరుగు, అలా ఇరవై నిమిషాలు. అంటే మొదటి వారంలో పరుగు కన్నా నడకే ఎక్కువ. మన పిల్ల నాలుగు రోజుల్లో చేసిందేమిటి? గేటు దాటిన దగ్గర్నుంచి దౌడు!

ఆ పద్ధతి కూడా నాకు తొమ్మిది వారాల్లో అవలేదు. ఐదో వారంలో ఒక చోట ఎనిమిదేసి నిమిషాలు రెండుసార్లు పరిగెత్తించి, ఆ తర్వాతి పరుగు రోజే ఏకబిగిన ఇరవై నిమిషాలంటాడు. నేను నాలుగో వారాన్నే మూడుసార్లు తిరగేశాను. మొత్తం పంతొమ్మిది వారాలు పట్టింది. ఇప్పటికీ నా కిలోమీటరు తొమ్మిదిన్నర నిమిషాలు. గట్టిగా నడిచే రిటైర్డ్ నేవీ ఆయన ఒకాయన ఉన్నారు, రోజూ నన్ను దాటేస్తారు. దాటేటప్పుడు "గుడ్ మార్నింగ్" అంటారు, నేనూ తిరిగి పూర్తి వాక్యంలో చెప్తాను.

"ఈ మాత్రం దానికి నడవొచ్చు కదా?" అనే మహానుభావులు ఇంటికొకరు. మా ఇంట్లో మా మరిది. వేగం ఒకటే అయినా పరుగులో ప్రతి అడుగుకీ రెండు కాళ్ళూ ఒక క్షణం గాల్లో ఉంటాయి, దిగేటప్పుడు ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు ఒక్క కాలి మీద పడుతుంది. ఆ బరువుకి ఎముకా పిక్కా అలవాటు పడాలంటే పరిగెత్తాల్సిందే. తొందరపడితే కొంప మునిగేదీ అక్కడే. ఊపిరి కొన్ని వారాల్లోనే దారికొస్తుంది, ఎముకలకీ స్నాయువులకీ నెలలు పడుతుంది. గుండె 'పద పద' అంటుంటుంది, కాళ్ళేమో ఇంకా సిద్ధపడి ఉండవు. ఒకరోజు మా మరిది వెనక నుంచి స్కూటర్ మీద వస్తున్నాడని కనిపెట్టి పౌరుషానికి పోయి వేగం పెంచాను. రెండో రోజుకి మోకాలి కింద ముందెముక వెంబడి సలుపు, వేలితో నొక్కితే చుక్కలు. నెల రోజులు ఇంట్లో కూర్చున్నాను. ఆయన నన్ను అసలు చూడనే లేదట.

విశాఖలో ఇంకో చిక్కు, ఉక్కపోత. మే నెలలో ఐదుంపావు దాటీ దాటగానే సూర్యుడు సముద్రంలోంచి లేచి కూర్చుంటాడు. గాల్లో తేమకి చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, గుండె ఇంకా ఎక్కువ చాకిరీ చేస్తుంది. నిన్నటి వేగమే ఇవాళ నీకు ఆయాసం తెప్పిస్తే తప్పు నీది కాదు, తగ్గించు అంతే. వాచీ మాట వినకు. బీపీకో షుగర్‌కో మాత్రలు వేసుకునేవాళ్ళు, గుండె సంగతి ముందే ఉన్నవాళ్ళు మొదలెట్టే ముందు డాక్టర్ని ఒక మాట అడగండి. పరిగెత్తుతుంటే ఛాతీలో నొప్పొచ్చినా, కళ్ళు తిరిగినా ఆగిపోండి. అక్కడ పౌరుషం వద్దు.

బూట్ల కథ ఇంకోటి. షాపులో కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, తొమ్మిది వేల జత తెచ్చి, "మేడమ్, ఇందులో కార్బన్ ప్లేట్ ఉంది, స్పీడొస్తుంది" అన్నాడు. ఎవరికయ్యా స్పీడు? మూడు వేల జత తీసుకున్నాను, కానీ తెలివితక్కువగా చెప్పుల సైజే తీసుకున్నాను. పరిగెత్తితే పాదం ఉబ్బుతుంది, ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలని ఆ కుర్రాడూ చెప్పలేదు, నాకూ తెలీదు. మూడో నెలకి బొటనవేలి గోరు నేరేడు పండు రంగుకొచ్చి ఊడిపోయింది. పెళ్ళికి మెట్టెలు పెట్టుకుంటే అందరి కళ్ళూ అక్కడే. ఇంకో మాట, మగవాళ్ళు రాసే రన్నింగ్ సలహాల్లో ఎక్కడా కనపడదు కాబట్టి నేనే రాస్తాను. ఆడవాళ్ళు బూట్ల కన్నా ముందు మంచి స్పోర్ట్స్ బ్రా కొనుక్కోండి. చాలామంది మానేసేది ఆ నొప్పికీ, ఆ సిగ్గుకీ.

సిగ్గంటే గుర్తొచ్చింది. ఆషాఢ పౌర్ణమి ముందు సింహాచలం గిరి ప్రదక్షిణ చూడండి. లక్షల మంది, ముప్పై రెండు కిలోమీటర్లు, చాలామంది ఉత్త కాళ్ళతో. కొండ కింద తొలిపావంచ దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే హనుమంతవాక దగ్గర కూర్చుంటారు, అప్పుఘర్ దగ్గర సముద్రంలో కాళ్ళు తడుపుకుంటారు, మజ్జిగ ఇచ్చిన చోటల్లా తాగుతారు, ఎన్.ఏ.డి. దగ్గర పిక్కలు పిసుక్కుంటారు. తెల్లారి కొండకి చేరినవాళ్ళని "ఎన్ని గంటల్లో చేశావు?" అని అడిగినవాణ్ణి నేను చూడలేదు. "పూర్తి చేశావా, అప్పన్న దయ" అంటారు. అదే మనిషి వారం తర్వాత బీచ్ రోడ్డులో జాగింగ్ చేస్తూ మధ్యలో నడవాల్సొస్తే, బూటు లేసు కట్టుకుంటున్నట్టు నటిస్తాడు! నేనూ కట్టాను. ఒక్క ఉదయంలో ఆరుసార్లు లేసు కట్టిన రోజుంది.

ఈ నటన నేర్పింది ఎవరంటే, ఫోన్లో స్క్రీన్‌షాట్లు పెట్టే జనం. 'ఈజీ రన్' అని రాసి కిలోమీటరు ఐదు నిమిషాలని చూపిస్తారు. మీకు ఈజీ బాబూ. వియన్నాలో 2019లో మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పరిగెత్తిన కెన్యా రన్నర్ కిప్‌చోగే కూడా మామూలు రోజుల్లో తన స్థాయికి చాలా నెమ్మదిగా పరిగెత్తుతాడు. ఇక వాట్సాప్ బాబాయిలు. ఫౌజా సింగ్ 89 ఏళ్ళకి 2000లో లండన్ మారథాన్ పరిగెత్తాడు, నీకేమైంది అని గుడ్ మార్నింగ్ పువ్వుతో సహా పంపిస్తారు. ఆ పెద్దాయనకి దండం. కానీ మొదటి రోజు డొక్క పట్టుకుని కూర్చున్న మనిషికి ఆ ఫోటో ఏం చేస్తుంది? ఇంకాస్త చిన్నబుచ్చుతుంది.

కుక్కల గురించి రాయాలంటే ఇంకో పోస్టు కావాలి. ఇప్పటికి ఒక్కటే, వెంటపడితే పరుగు ఆపి నడవండి.

ఆ శ్రీకాకుళం పిల్లని ఈ ఆదివారం ఐదింటికి కాళీమాత గుడి దగ్గరికి రమ్మన్నాను. వస్తానంది గానీ భయం పోలేదు. "మెల్లగా అంటే ఏటక్కా, ఎంత మెల్లగా?" అని మళ్ళీ అడిగింది. ఆ టైముకి చోడి (రాగి) అంబలి బండి తోసుకుంటూ ఒకాయన వస్తాడే, ఆయన వెనకాలే వెళ్దాం, దాటకూడదు అన్నాను.

"ఆయన మధ్యలో ఆగితేనో?"

"అంబలి తాగుదాం."