సీటు వచ్చింది సరే, గది ఏదీ?

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనైనా, విజయనగరం కోట జంక్షన్‌లోనైనా విదేశీ చదువుల ప్రకటనలకు కొదవ లేదు. వీసా గ్యారంటీ అంటారు, స్కాలర్‌షిప్పు అంటారు. దిగిన రోజు రాత్రి పిల్లలు ఎక్కడ తలదాచుకోవాలో మాత్రం ఏ ఫ్లెక్సీ చెప్పదు. అడిగితే ‘అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారండీ, వాళ్లే చూసుకుంటారు’ అంటారు. పొలం తాకట్టు పెట్టి పిల్లలను పంపే తల్లిదండ్రులు ఆ ఒక్క మాటతో ఊరుకోవడమే మాకు ఆందోళన కలిగిస్తోంది.

గది అద్దెకిస్తామని నమ్మించే మోసగాళ్ల పద్ధతి దాదాపు ఒకటే. ఇంటర్నెట్‌లో చక్కటి గది ఫొటోలు, చుట్టుపక్కల కంటే తక్కువ అద్దె. ఇంటి యజమానినని చెప్పుకునేవాడు తాను ఊళ్లో లేనంటాడు. అడ్వాన్సు పంపితే తాళంచెవి కొరియర్‌లో వస్తుందంటాడు. ‘ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, సాయంత్రంలోగా తేల్చండి’ అని తొందరపెడతాడు. రాజాంలో రెండు గదుల ఇంట్లో చేరాలన్నా నీళ్లు వస్తాయా, కరెంటు మీటరు విడిగా ఉందా అని నలుగురినీ వాకబు చేస్తాం. టొరంటోలో కంటితో చూడని ఇంటికి లక్షలు ఎలా పంపుతున్నాం?

అక్కడి చట్టాలు అద్దెదారుకు కొంత అండగానే ఉన్నాయి. కెనడాలోని ఒంటారియోలో చివరి నెల అద్దెకు సరిపడా సొమ్ము తప్ప మరో డిపాజిట్ అడగకూడదు. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇళ్లకు డిపాజిట్ ఐదు వారాల అద్దె మించరాదు. దాన్ని 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన పథకంలో భద్రపరచాలి. జర్మనీలో ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా చిరునామా నమోదు చేయించుకోవాలి, దానికి ఇల్లిచ్చినవారి ధ్రువపత్రం కావాలి. నమోదు కుదరదని ముందే చెప్పే గది ఎంత చవకైనా వద్దు. ఆ కాగితం లేకపోతే నివాస అనుమతి పనులు కూడా ముందుకు సాగవు.

మనవాళ్ల గదే కదా అని చేరినా కాగితం చూసుకోవలసిందే. ఒప్పందంలో నలుగురి పేర్లుండి ఎనిమిది మంది సర్దుకునే ఇళ్లు ఉన్నాయి. పేరు లేనివారికి ఆ ఇంటిపై చట్టం ముందు చెల్లే హక్కు ఉండకపోవచ్చు. ఉమ్మడి ఒప్పందమైతే ఒకరు చెప్పకుండా వెళ్లిపోయినా ఆ బాకీ మిగిలినవారి నెత్తినే పడుతుంది.

డబ్బు సంగతీ నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి. కెనడాలో (క్యూబెక్ రాష్ట్రం మినహా) చదువులకు ఒంటరి విద్యార్థి చూపవలసిన ఏడాది జీవన వ్యయాన్ని 2024 జనవరిలో 10,000 కెనడా డాలర్ల నుంచి 20,635కు పెంచారు, 2025 సెప్టెంబరులో 22,895 చేశారు. ఫీజు దీనికి అదనం. వీసా కోసం చేబదులు తెచ్చి ఖాతాలో చూపించి, ఆనక తిరిగి కట్టేసే అలవాటు మన దగ్గర ఉంది. ఆ లోటు మొదట తగిలేది అద్దె దగ్గరే.

ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ తలచుకుంటే ఖర్చు లేకుండానే ఒక మేలు చేయవచ్చు. బయటి దేశాల్లో ఉన్న తమ పూర్వ విద్యార్థులతో ఊరూరి జాబితా సిద్ధం చేసి, డబ్బు కట్టేలోపు ఎవరో ఒకరు వెళ్లి ఇల్లు చూసి వచ్చే ఏర్పాటు చేయాలి. కన్సల్టెన్సీలు తమ రుసుములో వసతి సాయం ఉందో లేదో రసీదు మీదే రాసివ్వాలి. జిల్లా అధికారులు ఆ నిబంధన పెట్టాలి. ఇక విద్యార్థులు సీటు ఖాయమైన రోజే విశ్వవిద్యాలయ హాస్టల్‌కు దరఖాస్తు పెట్టాలి. అది దొరకకపోతే మొదటి రెండు వారాలకు తాత్కాలిక బస మాత్రమే చూసుకుని, శాశ్వత గదిని స్వయంగా చూశాకే అడ్వాన్సు ఇవ్వాలి. సెప్టెంబరు తరగతులకు వెళ్లేవారు టికెట్ కొన్నాక మేలుకుంటే లాభం లేదు, వేసవిలోనే ఈ పని మొదలుపెట్టాలి.