చరిత్రని మార్చొచ్చు, టేబుల్ పొడవుని మార్చలేం

నవ్వకుండా చదువుతానంటేనే చదవండి, ఇది చాలా సీరియస్ విషయం. ఆల్టర్నేట్ హిస్టరీ వార్‌గేమ్ (చరిత్ర ఇలా కాక అలా జరిగుంటే అనుకుని, బొమ్మ సైనికులతో టేబుల్ మీద ఆడే యుద్ధం) ఆడేవాళ్ళు ఈ పాటికి ప్రపంచ చరిత్రలో చెయ్యి పెట్టకుండా వదిలేసింది ఏమీ లేదు. 1936 డిసెంబర్‌లో ఎనిమిదో ఎడ్వర్డ్ సింహాసనం వదిలేశాడు కదా, మా గేమ్‌లో వదల్లేదు, దాంతో బ్రిటన్ మొత్తం రెండుగా చీలి కొట్టుకుంటోంది. పక్క టేబుల్ మీద రష్యాలో జార్ ఇంకా నిక్షేపంలా ఉన్నాడు. ఇంతమంది రాజుల్ని దించి ఇంతమందిని ఎక్కించిన మహానుభావులు, ఆరడుగుల టేబుల్ మీద ఒక ఆర్మర్డ్ ట్రైన్‌ని (ఉక్కు కవచం తొడిగి ఫిరంగులు పెట్టిన యుద్ధ రైలు) మాత్రం ఇప్పటిదాకా సరిగ్గా నడపలేకపోయారు.

లెక్క చూడండి. 28 ఎంఎం ఎత్తు బొమ్మలంటే అటూ ఇటుగా 1:56 స్కేలు, అంటే నిజం సైజులో యాభై ఆరో వంతు. ఆరడుగుల టేబుల్ 183 సెంటీమీటర్లు, నిజం నేల మీద ఓ 102 మీటర్లు. ఇప్పుడు రైలు కట్టండి. ఆర్మర్డ్ ట్రైన్‌లో ఇంజను ముందు ఉండదు, మధ్యలో దాక్కుంటుంది, దానికి అటొకటి ఇటొకటి ఫిరంగి వ్యాగన్లు, మెషిన్‌గన్ల వ్యాగన్లు, మళ్ళీ రెండు చివర్లా ఫ్లాట్ వ్యాగన్లు, వాటి మీద రిపేరుకి పట్టాలూ స్లీపర్లూ వేసుకుంటారు, మైన్ ఉంటే ముందు అవే పోతాయి, వెనకున్నవాళ్ళు బతుకుతారు. ఎంత పొదుపుగా కట్టినా 80 మీటర్లు తేలుతుంది, స్కేల్‌లో 143 సెంటీమీటర్లు. టేబుల్‌లో మిగిలింది 40. మా రూల్స్‌లో రైలు టర్న్‌కి 30 సెంటీమీటర్లు కదుల్తుంది. మొదటి టర్న్‌లో కూత పెట్టి బయల్దేరుతుంది (కూత, రైలు కట్టిన మా వాడే నోటితో పెడతాడు, అది కంపల్సరీ), రెండో టర్న్‌కి ముందు వ్యాగన్ టేబుల్ అంచు దాటి గాల్లోకి తొంగి చూస్తుంది. శత్రువు ఇంకా బొమ్మలు సర్దుకుంటూనే ఉంటాడు. అప్పుడు రైలుని రెండు చేతులతో ఎత్తి మళ్ళీ మొదటి చివర పెడతారు, దీన్ని మా వాళ్ళు రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటారు.

ఫిరంగి సంగతి అడక్కండి. రష్యన్ రైళ్ళ మీద పెట్టిన 76.2 ఎంఎం ఫిరంగి 8 కిలోమీటర్లు దాటి కొట్టేది. మన స్కేల్‌లో 140 మీటర్ల పైమాటే, గుండు గది దాటి గోడ దాటి వీధి చివరికి పోయి పడాలి. మా రూల్స్ దానికి దయతలచి ఇచ్చింది 60 సెంటీమీటర్లు, అంటే నిజంలో 34 మీటర్లు. కోపమొచ్చి రాయి విసిరినా అంతకంటే దూరం పోతుంది.

రాయంటే గుర్తొచ్చింది. 1899 నవంబర్ 15న దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో బ్రిటిష్ ఆర్మర్డ్ ట్రైన్ ఒకటి బయటికెళ్తే, వాళ్ళతో యుద్ధం చేస్తున్న బోయర్లు (అక్కడ స్థిరపడ్డ డచ్ సంతతివాళ్ళు) దాని కోసం పెద్ద ఆయుధాలేం కనిపెట్టలేదు, పట్టాల మీద రాళ్ళు పెట్టారు. వ్యాగన్లు పట్టాలు తప్పాయి, అందులో విలేకరిగా వచ్చిన చర్చిల్ అనే కుర్రాడు ఖైదీ అయ్యాడు. అన్నిసార్లూ అలా కాదులెండి, 1939 సెప్టెంబర్ 1న మొక్రా దగ్గర పోలండ్ 53వ నంబర్ రైలు జర్మన్ 4వ పాంజర్ డివిజన్ ట్యాంకులకి ఎదురెళ్ళి చుక్కలు చూపించింది. కానీ టేబుల్ మీద ఎప్పుడూ నటాలే రిపీట్ అవుతుంది. ఎదుటివాడు చిటికెన వేలితో ఒక పట్టా ముక్క పక్కకి జరిపి ‘సాబొటాజ్’ అంటాడు, మా వాడు ఆరు నెలలు కట్టిన రైలు అక్కడే స్టేషన్ అయిపోతుంది.

ఆరు నెలలంటే ఊరికే అనట్లేదు. టూత్‌పిక్ మొనతో జిగురు ముంచి, ఊపిరి బిగబట్టి, రేకు మీద చుక్క చుక్కగా రివెట్లు పెట్టాడు, ఒక వ్యాగన్‌కి 412, నేను పక్కన కూర్చుని లెక్కపెట్టా (నాకూ పనేం లేదు). 390 దగ్గర తుమ్మాడు, ఒక చుక్క సాగి రెండు రివెట్లు కలిసిపోయాయి, ఆ ప్యానెల్ మొత్తం గీకేసి మళ్ళీ మొదలెట్టాడు. తీరా టేబుల్ మీద పెడితే ఇంకో పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, రేకుకి ముక్కు ఆనించి చూసి, "ఈ వ్యాగన్‌కి డబుల్ వరస ఉండాలి బాబూ, నువ్వు సింగిల్ పెట్టావు, ఇది తప్పు" అన్నాడు. ఎక్కడి వ్యాగనండీ అది? అసలు జరగని యుద్ధంలో, పుట్టని సైన్యానికి, ఎవరూ కట్టని ఫ్యాక్టరీలో తయారైన వ్యాగన్. రాజుని మార్చినప్పుడు నోరెత్తని మనిషి రివెట్ దగ్గర మాత్రం చరిత్రకి అన్యాయం జరిగిందని బాధపడిపోతున్నాడు. మా వాడు ఎదురు చెప్పాడనుకున్నారా, సారీ చెప్పి రైలు పట్టుకెళ్ళి రెండో వరస పెట్టుకొచ్చాడు.

ఇంకొకాయన ఉన్నాడు, ఆయనకి రష్యా ఎర్రసైన్యాన్ని నడిపిన ట్రాట్‌స్కీ రైలు కావాలి. రష్యా సివిల్ వార్‌లో తిరిగిన ఆ రైల్లో ప్రింటింగ్ ప్రెస్, టెలిగ్రాఫ్, రేడియో, లైబ్రరీ, కార్లకి గ్యారేజీ కూడా ఉండేవి, బరువుకి రెండు ఇంజన్లు తగిలించేవాళ్ళు. ఈయన ప్రెస్ బోగీ కట్టేశాడు. ఇప్పుడు గొడవేంటంటే పేపర్ అచ్చైతే శత్రువు మొరేల్ (పోరాడే ధైర్యానికి ఇచ్చే పాయింట్లు) ఒకటి తగ్గాలని ఈయన, వాళ్ళకి చదువొచ్చో రాదో ముందు పాచిక వెయ్యాలని అవతలాయన. మూడు వారాలైంది, ఒక్క తూటా పేలలేదు.

సరే, విమర్శించడమేనా, దారి చూపించవా అంటారు. చూపించా. ఇంగ్లండ్‌లో కెంట్ తీరంలో రోమ్నీ, హైత్ అండ్ డిమ్‌చర్చ్ రైల్వే ఉంది, 1927లో మొదలైంది, పట్టాల మధ్య దూరం 15 అంగుళాలే, ఇంజన్లు మామూలు వాటిలో మూడో వంతు, డ్రైవర్ అందులో ఇరుక్కుని కూర్చోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో దానికి నిజంగానే కవచం తొడిగారు, హెర్క్యులీస్ అనే ఇంజనుకి రేకులు బిగించి, వ్యాగన్లలో లూయిస్ మెషిన్‌గన్లు, బాయ్స్ యాంటీ ట్యాంక్ రైఫిళ్ళు పెట్టి తీరం కాపలాకి తిప్పారు. మన స్కేల్‌లో దాని పట్టా 6.8 ఎంఎం, మార్కెట్లో దొరికే జడ్ గేజ్ (బొమ్మ రైళ్ళ పట్టాల్లో ఒక సైజు) 6.5, ఎవడి కంటికీ తేడా తెలీదు. రైలు చిన్నది, టేబుల్ మిగుల్తుంది, దేశం కూడా మన గేమ్‌లో ఉన్న దేశమే. ఫొటోలతో సహా మా వాడి ముందు పెట్టా.

చాలాసేపు చూశాడు. "పిల్లల రైలుకి రేకులు కట్టి జర్మన్ల మీదకి పంపారంటే ఎవడు నమ్ముతాడు బావా, మన గేమ్‌కంటూ ఒక రియలిజం ఉండాలి కదా" అన్నాడు. అని, అంచు దాటి గాల్లో వేలాడుతున్న 143 సెంటీమీటర్ల రైలుని రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి, మొదటి చివర పెట్టి, కూత పెట్టాడు.