‘ఋ’తో ఏ పచ్చడి ఉంది?

బెంగళూరు మారతహళ్లిలో ఒక ఆంధ్రా మెస్సు మేడమీద పోయిన ఆదివారం చరిత్రాత్మక సమావేశం జరిగింది. తేదీలు సరిచూసే ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీకి, అంటే ఎవరైనా తమ ప్రోగ్రాముల్లో ఉచితంగా వాడుకునే కోడ్‌కి, రిలీజ్ పద్ధతి ఖరారు చెయ్యాలి. కోడ్ రాసేది ఒక్కడు. ప్లాన్ వెయ్యడానికి వచ్చింది పదకొండు మంది. ఆ ఒక్కడు రాలేదు, నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్నాడట. బొత్తిగా క్రమశిక్షణ లేని మనిషి.

1.4.2 లాంటి వెర్షన్ నంబర్ల సంగతి త్వరగానే తేలింది. పాత కోడ్ పనిచెయ్యకుండా పోయే మార్పైతే మొదటి అంకె, కొత్త సదుపాయమైతే మధ్యది, బగ్ సవరణైతే చివరిది పెంచాలి. సెమాంటిక్ వెర్షనింగ్ అంటే ఇంతే, ఇందులో మేధావులు చెయ్యగలిగింది ఏమీ లేదు. 0.9 తర్వాత 1.0 అని ఒకాయన, 0.10 అని ఇంకొకాయన కాసేపు కేకలేసుకున్నారు గానీ, ఈలోగా పప్పు వచ్చింది.

అసలు పని పేర్ల దగ్గర మొదలైంది. ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో ఒక జంతువు పేరు తగిలించుకుని వస్తుంది కదా, మనం పచ్చళ్ల పేర్లు పెడదాం, అదీ అక్షరమాల వరసలో, అన్నారు. అ అంటే అల్లం పచ్చడి. అది ఇడ్లీ పక్కన వేసుకునేది, రిలీజ్ స్థాయి కాదని గుంటూరు వర్గం. ఆవకాయని రెండో రిలీజుకే ఖర్చుపెట్టేస్తే ఆ పైన ఏం మిగులుతుందని భీమవరం వర్గం. ఇ కోసం ఇంగువ మాగాయ అన్నారు, అది ‘మ’ పరిధిలోకి వస్తుందని అభ్యంతరం. ఈ దగ్గర ఎవరూ నోరెత్తలేదు, దాన్ని సీనియర్లకు వదిలేశారు. ఉసిరికాయ ఏకగ్రీవం, చప్పట్లు. ఊరగాయ అన్నిటికీ వర్తిస్తుంది కనుక చెల్లదు. తర్వాత ఋ. పెరుగు కలుపుతున్న చేతులు ఆగిపోయాయి. చివరికి ఋ మీద ఉపసంఘం వేశారు. అది వచ్చే నెల కోరమంగళలో కలుస్తుంది, అక్కడ బిర్యానీ బాగుంటుందని.

మరి ఏమేం మారాయో చెప్పే ఛేంజ్‌లాగ్ ఎవరు రాస్తారు? విడుదలకు ముందటి ప్రతిని, అదే రిలీజ్ క్యాండిడేట్‌ని, ఎవరు పరీక్షిస్తారు? రిలీజ్ అసలైనదేనని సంతకం చేసే డిజిటల్ కీ ఎవరి దగ్గరుండాలి? అడిగాను. “వాడు చూసుకుంటాడ్లే బావా” అన్నారు.

వాడు చూసుకుంటాడు! ఫైళ్లని కుదించే ఎక్స్‌జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని చూసుకున్నవాడూ ఒక్కడే. 2022లో ఊరూ పేరూ తెలియని గొంతులు అతన్ని రిలీజ్ ఏదీ, రిలీజ్ ఏదీ అని పీక్కుతిన్నాయి. ఇది జీతం లేని పని, నా మనసు బాగాలేదు అని చెప్పుకున్నా వదల్లేదు. సాయం చేస్తానంటూ వచ్చినవాడి చేతికి తాళాలు వెళ్లాయి, 2024లో 5.6.0, 5.6.1 రిలీజుల్లో దొంగదారి తయారైంది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వబట్టి బయటపడింది గానీ, ఏ కమిటీ కనిపెట్టింది? అయినా మనకు సిగ్గు రాదు. అవుటర్ రింగ్ రోడ్డు అద్దాల మేడల్లో ఇలాంటి ఉచిత కోడ్ మీదే కోట్ల వ్యాపారం నడిపిస్తూ, శనివారం రాత్రి ఇష్యూ, అంటే ఫిర్యాదు, తెరిచి ‘అర్జెంట్’ అని రాస్తాం. ఒక్క టెస్టు రాసి పంపం. ఒక్క రూపాయి విదల్చం.

ఫిబ్రవరి 29 అనే తేదీయే లేదనే బగ్ ఒకటి ఆ లైబ్రరీలో ఉండేది. వాడు దాన్ని ఎప్పుడో సరిచేశాడు. చివరి అంకె ఒకటి పెంచి వదిలితే సరిపోతుంది. కానీ ఋ తేలలేదు కదా. అందాకా ఆ రోజున పుట్టినవాళ్లు ఓపిక పట్టాలని సమావేశం తీర్మానించింది.