తొంగుని పాలిస్తే వచ్చిన జబ్బు కాదది

శ్రీకాకుళంలో మా మేనకోడలి ఇంటికి ఇవాళ పొద్దున్న చుట్టాలావిడ ఒకరు, చంటిపిల్లకి ఛాతీలో పాలలాంటి తెల్లటి నీరు చేరిందని విని చూడ్డానికి వచ్చారు. వచ్చి కూర్చోగానే బాలింత మొహం మీదే, “తొంగుని పాలిచ్చినావేటే, ఆ పాలే ఊపిరితిత్తుల్లోకి ఎలిపోనాయి” అనేశారు. ఆ పిల్ల గుడ్ల నీళ్లు కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది. నాకింకా కోపం దిగలేదు.

అమ్మా, అవి తాగిన పాలు దారి తప్పి వెళ్లినవి కావు. తిండిలో కొవ్వు పేగుల నుంచి లింఫ్ నాళాల్లోకి (రక్తనాళాల్లాగే ఒంట్లో ఉండే మరో రకం సన్నటి గొట్టాలు) వెళ్లి, ఛాతీలో ఉన్న పెద్ద నాళం గుండా పైకొచ్చి, మెడ దగ్గర రక్తంలో కలుస్తుంది. ఆ నాళం ఎక్కడైనా కారితే ఆ ద్రవం ఊపిరితిత్తి చుట్టూ చేరుతుంది. లోపల కాదు, చుట్టూ! కైలోథొరాక్స్ అంటారు. పుట్టుకతోనే రావచ్చు, గుండె ఆపరేషన్ తర్వాతా రావచ్చు. అసలు పాలు పట్టకముందు ఆ నీరు ఎండుగడ్డి రంగులో ఉంటుంది, పాలు తాగాకే తెల్లబడుతుంది. ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకి 110 మిల్లీగ్రాములు దాటాయా అని పరీక్ష చేసి మరీ తేలుస్తారు. పక్కింటి అరుగు మీద కూర్చుని తేల్చేది కాదు.

గొట్టం వేసి ఆ ద్రవం తీస్తే దాంతోపాటు ప్రోటీన్లూ, రోగాన్ని ఎదిరించే కణాలూ పోతాయి. అలాంటి పిల్లని జలుబుతో వచ్చి ముద్దులు పెట్టుకుంటారా? వద్దంటే కోపాలు!

మందు పేరుతో మొదట ఇచ్చేది ఎంసీటీ అనే రకం కొవ్వుతో చేసిన పాలపొడి. అందులో కొవ్వు లింఫ్ దారి పట్టకుండా నేరుగా కాలేయానికి వెళ్తుంది, కారడం తగ్గుతుంది. తగ్గకపోతే కొన్నాళ్లు నోటికేమీ పెట్టకుండా నరం ద్వారానే పోషణ, ఆ ద్రవం ఊరడం తగ్గించే ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్, ఆఖరికి నాళం కట్టే ఆపరేషన్. చాలామంది పిల్లలకి అంతదాకా రాదు.

తల్లిపాలు ఆపమనేది ఆ కారడం తగ్గడానికే, అదీ కొన్నాళ్లకే. ఆ పాలు చెడ్డవని కాదు. పిండి దాచుకోవచ్చు, వసతి ఉన్నచోట వెన్న తీసేసి ఆ పాలే పడతారు కూడా. ఈ ముక్క విశాఖలో మమ్మల్ని చూసిన పెద్దాసుపత్రిలో ఒక్కరూ చెప్పలేదు. “పాలు ఆపేయండమ్మా” అన్నారు, వెళ్లిపోయారు. మన వైపు వాళ్లంటే ఎప్పుడూ ఇంతే. ఇచ్ఛాపురం నుంచి 200 కిలోమీటర్ల పైన అంబులెన్సులో పడి వెళ్లినా, విజయనగరం నుంచి వెళ్లినా, చేతిలో ఇంగ్లీషు కాగితం పెట్టి పంపేస్తారు. వీళ్లకేం అర్థమవుతుందిలే అనుకుంటారు. మా అమ్మ డయాలసిస్ రోజుల్నుంచీ చూస్తున్నాను ఈ వరస. మా యాసలో అడిగితే మొహం తిప్పుకునేవాళ్లు.

ఆపేయమంటే ఆ వెర్రితల్లి పిండడం కూడా మానేసింది. తన పాలే బిడ్డని చంపుతున్నాయని నమ్మింది. మొన్న చెకప్‌లో, నీరు పూర్తిగా పోయింది, ఇక తల్లిపాలు పట్టొచ్చు అన్నారు డాక్టరుగారు.

పట్టడానికి ఇప్పుడు దాని దగ్గర పాలేవీ?