రాజీనామా చేయని రాగితీగ గారికి

ఇన్‌చార్జి ఫ్యూజు,
యాంప్లిఫయర్ పక్కన, కారు డిక్కీ, విశాఖపట్నం.

అయ్యా,

తమరు ఎప్పుడు బాధ్యతలు స్వీకరించారో నాకు తెలియదు. సెకండ్‌హ్యాండులో ఈ కారు నా చేతికొచ్చేనాటికే తమరు సీట్లో ఉన్నారు. పాత ఓనరు డిక్కీ తెరిచి ఊఫర్‌నీ యాంప్లిఫయర్‌నీ మురిపెంగా చూపించాడు, భీమిలి రోడ్డులో బేస్ ఎలా కొడుతుందో వినిపించాడు. 30 ఆంపియర్ల ఫ్యూజు ఉండాల్సిన చోట మీరున్నారని మాత్రం చెప్పలేదు. ఆయనకైనా తెలుసో లేదో.

బయటికి కనిపించేది ఆకుపచ్చ ఫ్యూజే. యాంప్లిఫయర్ కాలిపోయాక పట్టుకుని లాగితే అసలు సంగతి బయటపడింది. అది ఎప్పుడో పోయిన ఫ్యూజు. పచ్చటి ప్లాస్టిక్ లోపల తెగిన పట్టీ, దాని చుట్టూ మసి మరక కనిపిస్తూనే ఉన్నాయి. దాని రెండు కాళ్లకీ మిమ్మల్ని నాలుగు చుట్లు చుట్టి మళ్లీ అదే సాకెట్లో దూర్చారు. పోయినాయన కుర్చీలోనే ఉన్నాడు, నేమ్‌ప్లేటు ఆయనదే, సంతకాలు మాత్రం మీవి! సముద్రపు గాలికి ఒంటిమీద అక్కడక్కడా చిలుము పట్టింది తప్ప, ఇంత జరిగినా మీకు గీత కూడా పడలేదు.

ఫ్యూజు ఉద్యోగానికి కావలసిన అర్హత ఒక్కటే, సమయానికి రాజీనామా చేయడం. తన హోదాకు మించి కరెంటు వస్తే లోపలున్న పల్చటి జింకు పట్టీ వేడెక్కి తెగిపోతుంది. విచారణ కమిటీ వేయక్కర్లేదు, అధిష్ఠానం నుంచి కబురు రానక్కర్లేదు. మన దగ్గర నైతిక బాధ్యత వహించి నిజంగా తప్పుకునేది ఫ్యూజు ఒక్కటేనేమో. తమరేమో నిఖార్సయిన రాగి. మిల్లీమీటరు మందం రాగితీగ కరగాలంటే దాదాపు 80 ఆంపియర్లు కావాలి. అలాంటిది నాలుగు చుట్లు! మిమ్మల్ని సీట్లోంచి లేపడం ఎవరి తరం?

ఇక ఘటన విషయానికొద్దాం. ఆదివారం పొద్దున కారు సెల్ఫ్ తీసుకోలేదు. బ్యాటరీ డౌన్. మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఏ బండి మొరాయించినా నిమిషంలో పదిమంది ఇంజినీర్లు తయారవుతారు. వాళ్లలో ఒకాయన జంపర్ కేబుల్స్‌తో సహా వచ్చాడు. టెర్మినల్స్ మీద తెల్లగా పేరుకున్న పొడి కింద ప్లస్సూ మైనస్సూ గుర్తులు ఎప్పుడో మాయమయ్యాయి. నేను వద్దు వద్దంటూ ఉండగానే ఎర్ర క్లిప్పు మైనస్సును కరుచుకుంది. టప్‌మని నిప్పురవ్వలు, ఆ వెంటనే డిక్కీ వైపు నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన.

ఇంజిన్ దగ్గరున్న మెయిన్ ఫ్యూజు చూడండి. ఆ రవ్వ ఆరేలోపే రాజీనామా ఇచ్చేసింది. దాని పుణ్యమా అని లైట్లు, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు ఈసీయూ, డాష్‌బోర్డులో స్టీరియో అన్నీ బతికాయి. యాంప్లిఫయర్‌కు మాత్రం బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగారు కాబట్టి అది మెయిన్ ఫ్యూజు పరిధిలోకి రాదు. ఆ వైరుకు బ్యాటరీ దగ్గరే ఇంకో ఫ్యూజు ఉండాలి. మన కారులో ఆ పోస్టే మంజూరు కాలేదు. మిగిలింది తమరొక్కరే.

యాంప్లిఫయర్‌లో కరెంటు అడుగుపెట్టే చోట ఒక డయోడ్ కాపలా ఉంటుంది. ప్లస్సు మైనస్సు తారుమారైతే అది గేటు తెరిచి కరెంటునంతా తన మీదుగా లాగేస్తుంది. ఆ లాగుడుకు ఫ్యూజు పోవాలి, యాంప్లిఫయర్ బతకాలి. ఇద్దరు కలిసి చేయాల్సిన డ్యూటీ ఇది. డయోడ్ తన వంతు చేసింది, మీ రాజీనామా కోసం ఎదురుచూస్తూనే కాలింది. మీరు కదల్లేదు. ఆటోనగర్‌లో మేస్త్రీ మూత విప్పితే డయోడ్ రెండు ముక్కలై ఉంది. బోర్డు మీది రాగి దారి ఊడి పైకి లేచి నిలబడింది. ఆ వెనక కరెంటు స్విచ్చుల్లా పనిచేసే మాస్‌ఫెట్లలో రెండు పొట్ట పగిలి పడున్నాయి. “డయోడ్ ఒక్కటే అయితే మార్చెద్దును బాబూ, బోర్డే కాలిపోనాది. ఏటి సేత్తాం” అని మేస్త్రీ మూత మళ్లీ బిగించేశాడు.

మీ అభిమానుల సంగతి కూడా చెప్పుకోవాలి. మెయిన్ బోర్డులో తెల్ల పింగాణీ ఫ్యూజులున్న రోజుల నుంచీ మీ వర్గానికి తిరుగులేదు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందంటే, ఎందుకు పోతోందని అడిగేవాడు తక్కువ. కాస్త లావుపాటి తీగ వేసి “ఇంక పోదు” అని చేతులు దులుపుకునేవాడు ఎక్కువ. నిజమే, ఇంక పోదు. పోయేది వేరేది. మీ సర్వీసు రికార్డు కూడా మచ్చలేనిదే. మీ హయాంలో పాట ఒక్కసారీ ఆగలేదు!

కొత్త యాంప్లిఫయర్ కోసం డాబాగార్డెన్స్‌లో షాపుకెళ్తే అక్కడ ఇంకో వినోదం. అట్టపెట్టె మీద మంటల బొమ్మ, దాని మీద 3000 వాట్స్. పక్కకి తిప్పి చూస్తే ఉన్నది ఒక్క 30 ఆంపియర్ల ఫ్యూజు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో వోల్టేజి మహా అయితే 14.4. రెండూ గుణిస్తే 432 వాట్లు. లోపలికి వెళ్లేదే అంత, అందులో కొంత వేడికి పోగా మిగిలిందే ఊఫర్‌కి. తక్కిన రెండున్నర వేల వాట్లు ఎక్కడివని అడిగితే సేల్స్ కుర్రాడు “అది మాక్స్ సార్” అన్నాడు. అట్టపెట్టె అబద్ధం ఆడుతుంది, ఫ్యూజు ఆడదు. చివరికి ఆర్‌ఎంఎస్ పవరు, అంటే ఆగకుండా ఇవ్వగలిగే అసలు పవరు, ఎంతో రాసి ఉన్నది, మా 4 ఓమ్‌ల ఊఫర్‌కు సరిపడేది చూసుకుని తీసుకున్నాను. బేరం ఆడితే తగ్గింది గానీ, ఆ డబ్బుతో మీ స్థానంలో పెట్టాల్సిన ఫ్యూజులు వందల కొద్దీ వస్తాయని తలచుకుంటే మాత్రం కడుపు మండింది.

కాబట్టి ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, తమరిని తక్షణం విధుల నుంచి తప్పిస్తున్నాం. మీ కుర్చీలో 30 ఆంపియర్ల ఆకుపచ్చ ఫ్యూజు చేరింది. సరుకు దొరకలేదని 20 ఆంపియర్ల పసుపుదో, 15 ఆంపియర్ల నీలందో పెడితే ఊరికే పోతూ ఉంటుంది, అప్పుడు మళ్లీ మీకే కబురొస్తుంది. అందుకే గ్లవ్‌బాక్సులో రెండు ఆకుపచ్చవే స్పేర్ పెట్టాను. బ్యాటరీకి మూరెడు దూరం లోపే ఇంకో ఫ్యూజు పోస్టు కూడా మంజూరైంది. బానెట్ నుంచి డిక్కీ దాకా కార్పెట్ కింద పాకే ఆ లావు వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే, కాలేది యాంప్లిఫయర్ కాదు, కారు. టెర్మినల్స్ గీకించి, ప్లస్సు వైపు ఎర్ర టోపీ పెట్టించాను. సెల్లార్ ఇంజినీర్లందరికీ అది కనిపిస్తుంది.

తమరిని రోడ్డున పడేస్తామని భయపడకండి. డిక్కీలో జాకీ రాడ్డు మలుపు మలుపుకీ గలగలలాడుతోంది, దాన్ని కట్టిపడేయడానికి మనిషి కావాలి. కొత్త పోస్టింగ్‌లో వెంటనే చేరండి. అక్కడ ఎన్నేళ్లు రాజీనామా చేయకపోయినా మాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
కారు ఓనరు