తాళం ఉన్నది తీయడానికే

స్కైరిమ్ అనే వీడియో గేమ్ వచ్చింది 2011లో. అప్పటి నుంచీ ఆ గేమ్‌లోని స్కైరిమ్ దేశంలో ఆస్తికి రక్షణ లేదని కొందరు వాపోతూనే ఉన్నారు. ఇది అన్యాయమైన మాట. అక్కడ పెట్టెలకు తాళాలున్నాయి, వీధుల్లో గార్డులున్నారు, జైళ్లున్నాయి. ఏర్పాట్లన్నీ దొంగ సౌకర్యం కోసం చేసినవి కావడం వేరే సంగతి.

తాళాలనే తీసుకోండి. నోవిస్, అప్రెంటిస్, అడెప్ట్, ఎక్స్‌పర్ట్, మాస్టర్ అని ఐదు తరగతులు. పేర్లు వింటే సిలబస్‌లా లేదూ? తాళం తీసిన ప్రతిసారీ నైపుణ్యం పెరుగుతుంది. లాక్‌పిక్, అంటే తాళం తీసే పుల్ల, విరిగినా ఎంతో కొంత పెరుగుతుంది, అంటే ఫెయిలైనా మార్కులే. పెట్టె ఓనరు పాపం సొంత ఖర్చుతో బడి నడుపుతున్నాడన్నమాట. పరీక్షలో విద్యార్థికి టెన్షన్ ఉండకూడదని, తాళంలో పుల్ల తిప్పుతున్నంతసేపూ కాలం కూడా ఆగి నిలబడుతుంది.

ఇంత కష్టపడి తీస్తే లోపల ఏముంటుంది? చాలావరకు మీ లెవెల్‌కి, అంటే గేమ్‌లో మీరు ఎదిగిన మెట్టుకి, తగ్గదే ఉంటుంది. చిన్న లెవెల్‌లో సమాధిలోకి దిగితే ఇనుప కత్తి, బాగా ఎదిగాక వెళ్తే ఖరీదైన ఎబొనీ కత్తి. వందల ఏళ్ల కిందట ఆ పెట్టె మూసినవాళ్లు మీ జాతకం చూసే సర్దినట్టున్నారు. ఊడ్చుకుపోయిన చోట కూడా, గేమ్ లెక్కలో పది రోజులకో, పూర్తిగా జయించిన గుహ అయితే ముప్ఫై రోజులకో, పెట్టెలు మళ్లీ నిండుతాయి. ఎవరు నింపుతున్నారో తేల్చడానికి ఇంతవరకు ఒక్క విచారణ సంఘమైనా వేయలేదు. సమాధుల్లో దోచుకుంటే కేసు కూడా లేదు. చచ్చినవాడికి ఆస్తిహక్కు ఏమిటని కాబోలు.

బతికున్నవాళ్ల దగ్గర కొట్టేస్తేనే చిక్కు. ఆ వస్తువు మీద దొంగసొత్తు అని ముద్ర పడుతుంది. ఒక ఊళ్లో క్యాబేజీ ఎత్తుకెళ్లి దేశం ఆ చివర అమ్మబోయినా, మామూలు వ్యాపారి ముట్టుకోడు. క్యాబేజీల్లో తేడా కనిపెట్టగల ఈ మేధావే, మీరు తీరిగ్గా వచ్చి నెత్తిన బుట్ట బోర్లిస్తే మాత్రం కిమ్మనడు. బుట్ట కింద నుంచి కొట్టంతా ఖాళీ అవుతున్నా ఫిర్యాదు ఉండదు. చూడలేదు కాబట్టి జరగలేదు. చాలా ప్రశాంతమైన న్యాయశాస్త్రం.

అక్కడ దొంగని నిజంగా ఆపగలిగేది బరువొక్కటే. మొదట్లో మీరు మోయగలిగేది గేమ్ లెక్కలో మూడు వందల బరువు. ఒక్క చెంచా ఎక్కువైనా పరుగు బంద్. అందులోనూ బంగారు నాణేలకు బరువు లేదు, కోటి ఉన్నా జేబు తేలికే. నల్లధనం ఉన్నవాళ్లు ఈర్ష్యపడే సదుపాయం ఇది.

పొరపాటున దొరికిపోయారే అనుకుందాం. జైల్లో మీ సామానంతా లాక్కుంటారు, ఒక్క లాక్‌పిక్ తప్ప. ఖైదీకి ఆ మాత్రం వినోదం ఉండాలి కదా. బుద్ధిగా పడుకుని శిక్ష పూర్తి చేస్తే, నేర్చుకున్న విద్యల్లో సాధించిన ప్రగతి కొంత పోతుంది. తప్పించుకుంటే ఏమీ పోదు, పైగా మీ సామాను పెట్టె దారిలోనే ఉంటుంది. పక్కనే సాక్ష్యాల పెట్టె. మీరు కొట్టేసిన సరుకంతా అందులో భద్రంగా ఉంటుంది.

ఇంత జరిగే దేశంలో ఇల్లు కొనడానికి ఎవరైనా భయపడాలి. వైట్‌రన్ అనే ఊళ్లో బ్రీజ్‌హోమ్ అనే ఇల్లు ఐదు వేల గోల్డ్‌కి వస్తుంది. కొనుక్కుని ఊరూరా దోచినదంతా అక్కడి పెట్టెల్లో నింపండి. వేద్దామన్నా వాటికి తాళం ఉండదు, అయినా చిల్లిగవ్వ కదలదు. కారణం వెతికితే తేలికగానే దొరుకుతుంది. థీవ్స్ గిల్డ్ అనే దొంగల సంఘం పెద్దలంతా రిఫ్టెన్ అనే ఊరి అడుగున సారాకొట్టులో కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటారు. ఇళ్లలో దూరి పని చేసే దొంగ దేశం మొత్తానికి ఒక్కడే, బ్రీజ్‌హోమ్ తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.